నగరం లెక్క నీటితో మొదలవుతుంది

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారు కాలనీ. ప్లాను అంటే రోడ్లు, పార్కులే కదా! కరెంటు, నీళ్లు, చెత్త లెక్కలు అందులో ఎందుకండీ?

జవాబు: నిజానికి ఆ లెక్కలే ముందు తేలాలి. 1965లో అమెరికా ఇంజనీరు ఏబెల్ వోల్మన్, పది లక్షల మంది ఉండే ఒక ఊహా నగరానికి వచ్చేవాటి, పోయేవాటి పద్దు రాశారు. రోజుకు లోపలికి 6,25,000 టన్నుల నీరు, బయటికి 5,00,000 టన్నుల మురుగు. ఆహారం 2,000 టన్నులే! నీటి బరువు ముందు మిగతావి ఏపాటివి?

మీ ఊరే చూడండి. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ జలాశయం నుంచి నీరు పల్లానికి తనంతట తానే వచ్చేది. కృష్ణా నీటిని మాత్రం నూరు కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోయాలి. అందుకే కారే పైపు కరెంటునూ కారుస్తుంది. ఇది ప్లాను గీసేవాళ్లు ఇంకా పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక బయటికి పోయే మురుగు సంగతి. స్టాక్‌హోమ్‌లోని హమ్మర్బీ పేటలో మురుగు నుంచి గ్యాస్ తీస్తారు, శుద్ధిచేసిన నీటిలోని వేడితో ఇళ్లు వెచ్చబరుస్తారు. మనకు ఆ వేడి అక్కర్లేదు. గ్యాస్, శుద్ధిచేసిన నీరు కావాలి. మీ కాలనీలో ముందుగా, ఎంత నీరు కారిపోతోందో తెలిసేలా ట్యాంకు దగ్గర నీటి మీటరు పెట్టించండి. శుద్ధిచేసిన నీటికి విడి పైపు రోడ్డు వేయకముందే అడగండి. తర్వాత తవ్వాలంటే ఖర్చు, గొడవ రెండూ ఎక్కువే.