సీఆర్ఎం సెర్చ్ లో కస్టమర్ దొరకట్లేదా? కేటగిరీలు ఇలా సెట్ చేయండి

ఫోన్ లో ఏదైనా సెర్చ్ చేస్తే యాప్స్, కాంటాక్ట్స్, సెట్టింగ్స్ విడివిడిగా కనిపిస్తాయి కదా. కంపెనీల్లో వాడే మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ 365 లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. పేరు కేటగరైజ్డ్ సెర్చ్. కాకపోతే ఇక్కడ ఏ కేటగిరీలు కనిపించాలో అడ్మినే చెప్పాలి.

ఇది సరిగ్గా లేకపోతే ఏమవుతుంది? కస్టమర్ లైన్ లో ఉంటాడు. సపోర్ట్ వాళ్లు ఆయన ఫోన్ నంబర్ కొడతారు, ఏమీ రాదు. లేదేమో అనుకుని కొత్త రికార్డ్ క్రియేట్ చేసేస్తారు. పాత కంప్లైంట్ ఒక రికార్డ్ లో, కొత్తది ఇంకో దాంట్లో! నిజానికి డేటా ఎక్కడికీ పోలేదు. సెర్చ్ అక్కడ వెతకలేదు, అంతే.

స్టెప్ 1: కేటగిరీలు ఎంచుకోండి
క్లాసిక్ సెట్టింగ్స్ లో అడ్మినిస్ట్రేషన్, ఆ తర్వాత సిస్టమ్ సెట్టింగ్స్ ఓపెన్ చేయండి. జనరల్ ట్యాబ్ లో క్విక్ ఫైండ్ సెటప్ భాగం ఉంటుంది. అక్కడ సెలెక్ట్ నొక్కితే ఎంటిటీల లిస్ట్ వస్తుంది. గరిష్ఠంగా 10 మాత్రమే పెట్టుకోవచ్చు. అకౌంట్, కాంటాక్ట్, లీడ్, ఆపర్చునిటీ, యూజర్, కాంపిటీటర్, యాక్టివిటీ, కేస్ అనే 8 ముందే ఉంటాయి. అంటే ఖాళీ రెండే! సర్వీస్ టీమ్ కి కాంపిటీటర్ తో పనేముంది? అది తీసేసి, మీరు తయారు చేసుకున్న వారంటీ టేబుల్ లాంటిది పెట్టండి.

స్టెప్ 2: ఫైండ్ కాలమ్స్ చూడండి
చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కేటగిరీ పెట్టినంత మాత్రాన అందులోని అన్ని ఫీల్డ్స్ నీ సెర్చ్ వెతకదు. ఆ ఎంటిటీ క్విక్ ఫైండ్ వ్యూలో ఫైండ్ కాలమ్స్ గా ఉన్నవాటినే వెతుకుతుంది. మొబైల్ నంబర్ అందులో లేకపోతే ఎన్నిసార్లు కొట్టినా దొరకదు. యాడ్ చేసి, సేవ్ చేసి, పబ్లిష్ కూడా చేయాలి. అలాగని అన్నీ యాడ్ చేసేయకండి, సెర్చ్ స్లో అవుతుంది.

స్టెప్ 3: స్టార్ గుర్తు వాడకం
మామూలుగా ఈ సెర్చ్ మొదటి అక్షరాల నుంచి పోలుస్తుంది. "రావు" అని కొడితే "వెంకటరావు" రాడు. ముందు స్టార్ గుర్తు పెడితే వస్తాడు. కానీ ఇది డిక్షనరీలో చివరి అక్షరంతో పదం వెతకడం లాంటిది. ఇండెక్స్ సాయం సరిగ్గా అందదు కాబట్టి టైమ్ పడుతుంది.

స్టెప్ 4: టెస్ట్ చేయండి
అడ్మిన్ లాగిన్ తో కాదు, మామూలు యూజర్ లాగిన్ తో చూడండి. ఎందుకంటే ఎవరికి చదివే పర్మిషన్ ఉన్న రికార్డులే వాళ్లకి కనిపిస్తాయి.

ఒకవేళ మీ దగ్గర కొత్త డేటావర్స్ సెర్చ్ ఆన్ లో ఉంటే, రిజల్ట్స్ ఎంత దగ్గరగా సరిపోయాయన్న దాన్ని బట్టి వస్తాయి. అక్కడ కూడా ఏ ఫీల్డ్స్ లో వెతకాలో క్విక్ ఫైండ్ వ్యూనే చెబుతుంది. కాబట్టి స్టెప్ 2 ఎందులోనైనా పనికొస్తుంది.