కొత్త వంటకం – సాత్మ్య విచారం

ఆహార విషయంలో విచారించవలసిన ఎనిమిది అంశాలు చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఉన్నాయి. వాటిలో చివరిది ఉపయోక్త, అనగా భుజించువాడు. సాత్మ్యం, అంటే అలవాటు వలన ఒంటికి సరిపడడం, అతనిని బట్టియే ఉంటుంది.

నాకు ఆమ్లపిత్తం పాత బాధ. ఒకనాటి రాత్రి చెన్నైలో మా వీధిలోని కొరియా భోజనశాలకు ఒంటరిగా వెళ్ళాను. అన్నంతో పాటు కిమ్చి వడ్డించారు. ఉప్పులో ఊరిన క్యాబేజీకి మిరపపొడి, వెల్లుల్లి, అల్లం పట్టించి పులియబెట్టినదే కిమ్చి. తోడెవరూ లేరని పుస్తకం చదువుకుంటూ రెండు గిన్నెలు తినివేశాను. అర్ధరాత్రి గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు!

దోషం వంటకానిది కాదు. కొరియావారికి అది నిత్యసాత్మ్యం. మనం ఆవకాయను అన్నంలో కొద్దిగా కలుపుకుంటాము. నేను కిమ్చిని కూరవలె తిన్నాను. మాట్లాడక, నవ్వక, మనసు పెట్టి భుజించమని ఆ అధ్యాయమే చెబుతున్నది. ఒంటరి భోజనం అందుకు మంచి అవకాశం. నేనే దానిని చేజార్చుకున్నాను.

నెల తరువాత ఒక మధ్యాహ్నం, మంచి ఆకలి మీద, రెండు ముక్కలు మాత్రమే అన్నంతో నమిలి తిన్నాను. బాధ కలుగలేదు.

కావున కొత్త వంటకాన్ని పగటిపూట, స్వల్పంగా ఆరంభించాలి. కిమ్చిలో చేపల ఊట, రొయ్యల ఊట కలపడం కద్దు; శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి. మంట తరచుగా వస్తుంటే వైద్యుని సంప్రదించాలి.