ఆటల కంప్యూటరుకు ప్రాసెసరు, మెమొరీల ఎంపిక

కంప్యూటరు మన ప్రాంతానికి కొత్త వస్తువు కాదు. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ తొలినాళ్లలోనే టి.డి.సి.-12 అనే స్వదేశీ డిజిటల్ కంప్యూటరును తయారు చేసింది. కాని ఆనాడు కంప్యూటరు పెద్ద సంస్థల సొత్తు. నేడు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థి వంద కిలోమీటర్లు ప్రయాణించి, సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగాలు కొని, ఇంటికి తెచ్చుకొని, ఒక స్క్రూడ్రైవరు సాయంతో తానే కంప్యూటరును కూర్చుకోగలుగుతున్నాడు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే ఆ దుకాణాల వరుసలో ఒక గంట తిరిగేసరికి కొనదలచిన వస్తువు ఒకటి, కొన్న వస్తువు మరొకటి కావడం కూడా తరచుగా జరుగుతున్నదే.

ఆటల కోసం కొనే యంత్రమైనా, మన ఇండ్లలో అది ఆటలకే పరిమితం కాదు. దాని మీదనే అన్న ప్రోగ్రామింగు నేర్చుకోవాలి, చెల్లెలు ప్రవేశ పరీక్షకు చదవాలి, తండ్రి దరఖాస్తులు నింపాలి. ఒకసారి తప్పుగా కొంటే మరల కొనే స్తోమత పెక్కు కుటుంబాలకు ఉండదు. కావున ఇందులోని రెండు ముఖ్య భాగాలైన ప్రాసెసరు, మెమొరీలను గురించి కొంత వివరంగా తెలుసుకొనడం అవసరం.

ముందుగా ఆట నడిచేటప్పుడు యంత్రంలో ఏమి జరుగుతుందో చూద్దాం. తెర మీద కదిలే బొమ్మ నిజానికి కదలదు. సినిమాలో వలెనే నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక్కొక్క చిత్రాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్క దానికి 16.7 మిల్లీసెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. 144 ఫ్రేములు కావాలంటే ఆ వ్యవధి 6.9 మిల్లీసెకన్లకు కుదించుకొని పోతుంది. ఈ స్వల్ప కాలంలో ప్రాసెసరు ఆటలోని ప్రతి మనిషి ఎక్కడ ఉన్నాడు, తుపాకి గుండు ఎవరికి తగిలింది, గోడ కూలితే రాళ్లు ఎటు పడతాయి అన్న లెక్కలన్నీ పూర్తి చేసి, ఏమి గీయవలెనో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పాలి. కార్డు దానిని గీస్తుంది. వీరిద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తే రెండవవారు చేతులు కట్టుకొని కూర్చోవలసిందే.

కనుక "ఏ ప్రాసెసరు మంచిది?" అన్న ప్రశ్నకు ముందు "ఏ ఆట? ఏ తెర?" అన్న ప్రశ్న రావాలి. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలలో బొమ్మ తేలిక, ఫ్రేముల సంఖ్య ఎక్కువ. అక్కడ భారం ప్రాసెసరు మీద పడుతుంది. సైబర్‌పంక్ 2077 వంటి ఆటను పెద్ద తెర మీద, పూర్తి హంగులతో ఆడితే భారమంతా గ్రాఫిక్స్ కార్డుదే. అప్పుడు ఖరీదైన ప్రాసెసరు ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు. మిత్రుని యంత్రంలో ఈ సంగతిని పరీక్షించడం సులభం. ఆటలో తెర రిజల్యూషన్‌ను తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే అంతవరకు ఆలస్యం చేసినది కార్డు, పెరగకపోతే ప్రాసెసరు.

ఇక ప్రాసెసరుకు, మెమొరీకి గల సంబంధం. దీనిని తహశీలు కార్యాలయంలోని గుమాస్తాతో పోల్చవచ్చు. రికార్డు గది అంటే మన డిస్కు. అక్కడ అన్నీ ఉంటాయి, కాని తెచ్చుకొనడానికి చాలా సమయం పడుతుంది. గుమాస్తా ముందున్న బల్ల మెమొరీ. నేటి పనికి కావలసిన దస్త్రాలన్నీ దాని మీద పరచి ఉంటాయి. (మెమొరీని ఉర్దూలో యాద్‌దాష్త్ అన్నా, తెలుగులో జ్ఞాపకం అన్నా, బల్ల అంటేనే దాని పని తేటగా బోధపడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కరెంటు పోతే బల్ల ఖాళీ అవుతుంది, రికార్డు గది పదిలంగా ఉంటుంది.) గుమాస్తా చేతిలో ఉన్న కాగితాలు కాష్ మెమొరీ. ఇది ప్రాసెసరులోనే ఉంటుంది, పరిమాణంలో చిన్నది, వేగంలో మిన్న.

ఈ వేగాల తేడా ఎంత? 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసరుకు ఒక అడుగు వేయడానికి పట్టే కాలం 0.2 నానోసెకను. బయటి మెమొరీ నుండి ఒక సంఖ్య రావడానికి సుమారు 70, 80 నానోసెకన్లు పడుతుంది. అనగా కావలసిన కాగితం చేతిలో లేకపోతే మూడు నాలుగు వందల అడుగులు వేయగల కాలం వృథా అయిపోతుంది. ఆటలలో లెక్కలు ఒక వరుసలో రావు. మనిషి, వస్తువు, గోడ అంటూ సమాచారం మెమొరీలో పలుచోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది. అందుచేతనే ఆటలకు కాష్ ఎక్కువగా ఉన్న ప్రాసెసరు ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. ఎ.ఎం.డి. సంస్థ 2022లో విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డి ఇందుకు ఉదాహరణ. దానిలో కాష్‌ను చిప్పు మీద మరొక అంతస్తుగా పేర్చి 96 మెగాబైట్లకు పెంచారు. దాని గడియార వేగం తోటి 5800ఎక్స్ కంటె తక్కువ. అయినా పెక్కు ఆటలలో అదే ముందు నిలిచింది. గిగాహెర్ట్జ్ అంకె ఒక్కదానినే చూసి కొనేవారు ఈ సంగతిని గమనించాలి.

కోర్ల సంఖ్య విషయంలోనూ ఇదే భ్రమ ఉన్నది. ఒక ఫ్రేములోని ముఖ్యమైన లెక్కను పది మందికి పంచడం సాధ్యం కాదు. బావి తవ్వడానికి ఒక పరిమితికి మించి మనుషులను దించలేము గదా! నేటి ఆటలకు ఆరు కోర్లు సరిపోతాయి, ఎనిమిది ఉంటే నిశ్చింత. అంతకు మించినవి వీడియోల కూర్పు వంటి పనులకే తప్ప ఆటలకు అంతగా అక్కరకు రావు.

ఇచ్చట దుకాణాలలో జరిగే ఒక మాయను చెప్పక తప్పదు. "ఐ7 కంప్యూటరు, 16 జి.బి. ర్యాము, రంగుల దీపాల పెట్టె, కారు చౌక" అన్న ప్రకటనలు కనబడుతుంటాయి. విప్పి చూస్తే అందులో ఐ7-3770 ఉండవచ్చు. అది 2012 నాటి ప్రాసెసరు, నాలుగు కోర్లు, పాత డి.డి.ఆర్.3 మెమొరీ. 2022లో వచ్చిన ఐ3-12100కు కూడా నాలుగు కోర్లే. కాని ఒక్కొక్క కోరు చేసే పనిలో పాత ఐ7 దాని దరిదాపులకు రాలేదు. ఐ7 అన్నది తరగతి పేరు మాత్రమే. దాని తరువాతి అంకెలలో మొదటివి తరాన్ని తెలుపుతాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి ముందున్న వాటికి, అతి కొద్ది మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా వర్తించదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలొరెంట్ ఆడాలంటే టి.పి.ఎం. 2.0, సెక్యూర్ బూట్ ఉండి తీరాలి. తక్కువ ధరకు వచ్చిందని సంబరపడిన యంత్రంలో కొన్న ఉద్దేశమే నెరవేరకపోవచ్చు.

అంకెల చివరి అక్షరాన్నీ చదవాలి. ఇంటెల్ వారి ఐ5-12400ఎఫ్‌లోని ఎఫ్ అక్షరానికి ప్రాసెసరులో గ్రాఫిక్స్ లేదని అర్థం. వేరుగా కార్డు కొనకుండా దానిని తెస్తే తెర మీద ఏమీ కనిపించదు. దీనికి భిన్నంగా ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి, 8600జి వంటి వాటిలో ఆటలకు పనికివచ్చే గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే ఇమిడి ఉంటుంది. ఈ గ్రాఫిక్స్ రంగంలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి 2015 నుండి 2017 వరకు ఎ.ఎం.డి. గ్రాఫిక్స్ విభాగానికి సారథ్యం వహించి, పిదప ఇంటెల్‌లో ఆ పనినే చేపట్టారు.

గ్రాఫిక్స్ కార్డు కొనే శక్తి ఇప్పుడు లేని విద్యార్థికి ఈ జి తరగతి ప్రాసెసర్లే తగిన మార్గమని నా అభిప్రాయం. కాని ఇందులో మెమొరీ ఎంపిక ప్రాణం వంటిది. కార్డుకు తన సొంత మెమొరీ ఉంటుంది. ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు అది లేదు. గుమాస్తా బల్లనే చిత్రకారుడు కూడా పంచుకోవాలి. అందువల్ల మెమొరీని రెండు సమాన ముక్కలుగా కొని, మదర్‌బోర్డు పుస్తకంలో చూపిన రెండు గాడులలో అమర్చాలి. అప్పుడు రెండు దారులు తెరుచుకుంటాయి. డి.డి.ఆర్.4-3200 రకంలో ఒక ముక్క సెకనుకు 25.6 గిగాబైట్లు అందిస్తే, రెండు ముక్కలు 51.2 అందిస్తాయి. డి.డి.ఆర్.5-6000లో ఇది 48 నుండి 96కు పెరుగుతుంది. 16 జి.బి. ముక్క ఒకటి కాక 8 జి.బి. ముక్కలు రెండు కొనమనడం ఇందుకే. వేరుగా కార్డు ఉన్నవారు, డబ్బు చాలకపోతే, ప్రస్తుతానికి ఒక ముక్కతో సరిపెట్టుకొని తరువాత అదే రకాన్ని జత చేసినా కొంత ఓర్చుకొనవచ్చు. కార్డు లేనివారు అలా చేయరాదు.

మెమొరీ ఎంత కావాలి? ఎనిమిది జి.బి. నేడు చాలదు. బల్ల నిండితే దస్త్రాలను రికార్డు గదికి మోయడం మొదలవుతుంది, ఆట మధ్యలో కుదుపులు వస్తాయి. పదహారు కనీసం, ముప్పది రెండు సుఖం. అంతకు మించి ఆటల కోసం కొనడం దుబారా.

వేగం విషయంలో పెట్టె మీద రెండు అంకెలుంటాయి. మొదటిది 3200, 6000 వంటిది, రెండవది సి.ఎల్. అని రాసి ఉండేది. రెండవ అంకెను 2000తో గుణించి మొదటి అంకెతో భాగిస్తే నిరీక్షణ కాలం నానోసెకన్లలో వస్తుంది. డి.డి.ఆర్.4-3200, సి.ఎల్.16కు ఇది 10, డి.డి.ఆర్.5-6000, సి.ఎల్.30కు కూడా 10. డి.డి.ఆర్.5-4800, సి.ఎల్.40కు 16.7. అంటే పేరు కొత్తదైనంత మాత్రాన నిరీక్షణ తగ్గదు. అయితే డి.డి.ఆర్.5 ఒకేసారి మోసుకొచ్చే సరుకు ఎక్కువ. ఇవి రెండూ ఒకే గాడిలో పట్టవు గనుక మెమొరీ నిర్ణయమే మదర్‌బోర్డు నిర్ణయమని గుర్తించాలి. 2025 చివరి నుండి కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన మెమొరీ ధరలు విపరీతంగా పెరిగాయి. కొనే ముందు నలుగురు దుకాణదారులను అడగడం ఇప్పుడు మరీ ముఖ్యం.

విడతలుగా కొనదలచినవారు సాకెట్టును కూడా చూడాలి. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 సాకెట్టులో 2017 నాటి బోర్డులలో పెక్కింటికి బయోస్ మార్చి 2022 నాటి 5800ఎక్స్3డిని అమర్చడం సాధ్యమైంది. 2022లో వచ్చిన ఎ.ఎం.5కు 2027 వరకు, ఆపైన కూడా మద్దతు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. ఇంటెల్ వారి 12, 13, 14వ తరాలకు ఒకే సాకెట్టు సరిపోయింది. 2024లో వచ్చిన తరువాతి తరానికి కొత్తది కావలసి వచ్చింది.

మన జిల్లాల ఎండను లెక్కలోకి తీసుకొనని ఎంపిక ఎంపికే కాదు. విదేశాలలో చేసిన పరీక్షలు సాధారణంగా 20, 22 డిగ్రీల గదులలో జరుగుతాయి. అట్టి గదిలో ఒక ప్రాసెసరు, దాని ఫ్యాను కలిసి 82 డిగ్రీల వద్ద నిలిచాయనుకుందాం. అంటే గది కంటె 60 డిగ్రీలు ఎక్కువ. మే నెలలో నల్లగొండలో రేకుల ఇంటి గది 40 డిగ్రీలకు చేరితే అదే యంత్రం 100 తాకవలసి వస్తుంది. రైజెన్ 7600 వంటి వాటి హద్దు 95. ఆ హద్దు వద్ద ప్రాసెసరు తనను తాను కాపాడుకొనడానికి వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పోసి కొన్న వేగం ఎండాకాలమంతా దక్కదన్నమాట. ఐ9-14900కె పూర్తి భారంలో 253 వాట్ల వరకు తీసుకొంటుంది. రైజెన్ 5 7600 సుమారు 88, ఐ5-12400ఎఫ్ 117. ఏ.సి. లేని ఇంటికి తక్కువ వాట్ల ప్రాసెసరే శ్రేయస్కరం. తక్కువ వాట్ల యంత్రానికి చిన్న యు.పి.ఎస్. కూడా చాలుతుంది, కరెంటు పోయినప్పుడు పనిని భద్రపరచుకొనే వ్యవధి దొరుకుతుంది. పైపెచ్చు ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద ప్రాసెసర్లలో అధిక వోల్టేజి వలన ఆటలు మధ్యలో ఆగిపోవడం జరిగింది. సంస్థ 2024లో కారణాన్ని వెల్లడించి, బయోస్ ద్వారా సవరణ ఇచ్చి, వారంటీని రెండేండ్లు పొడిగించింది. పాతవి కొనేవారు వీటి విషయంలో జాగ్రత్త వహించాలి.

బిల్లు లేకుండా ఏదీ కొనవద్దు. సీలు తీయని డబ్బాలో వచ్చే ప్రాసెసరుకు సాధారణంగా మూడేండ్ల వారంటీ ఉంటుంది. విడిగా ఇచ్చే దానికి దుకాణదారు చెప్పిన మాటే దిక్కు. ఇంటికి తెచ్చి కూర్చిన పిదప మెమొరీ తానుగా పూర్తి వేగంతో నడవదు. బయోస్‌లో ఇంటెల్ బోర్డులకు ఎక్స్.ఎం.పి., ఎ.ఎం.డి. ఎ.ఎం.5 బోర్డులకు ఎక్స్‌పో అన్న అమరికను ఎంచుకోవాలి. తరువాత విండోస్ టాస్క్ మేనేజరులో మెమొరీ పేజీ తెరిచి వేగం చూడండి. పెట్టె మీద 6000 అని ఉండి అక్కడ 4800 కనిపిస్తే ఆ అమరిక ఇంకా జరగలేదు. జరిగిన పిమ్మట మెమ్‌టెస్ట్86 అనే ఉచిత పరీక్షను ఒక రాత్రంతా నడిపించి, తప్పులేవీ చూపకపోతేనే ఆ మెమొరీని ఉంచుకోండి. ఒక్క తప్పు చూపినా, మార్పిడి గడువు దాటకముందే బిల్లుతో సహా దుకాణానికి తిరిగి తీసుకొనిపోండి.