వేసవి సెలవులు – బాలలు – గ్రంథాలయము

ఏప్రిల్ నెలాఖరున మూతపడిన మన పాఠశాలలు జూన్ రెండవ వారమున గాని మరల తెరువబడవు. ఈ ఏడు వారములలో బాలుడు మరచిపోవునదెంత అను ప్రశ్న మనలో పెక్కుమందికి తోచనే తోచదు. సెలవులనగా ఆటలే గదా అని మేమును అనుకొన్నవారమే.

ఈ ప్రశ్నను శ్రద్ధతో పరిశీలించినవారిలో అమెరికా సామాజిక శాస్త్రజ్ఞురాలు బార్బరా హేన్స్ ముఖ్యురాలు. ఆమె అట్లాంటా నగరమున ఆరు, ఏడు తరగతుల విద్యార్థుల ప్రగతిని బడి నడచు నెలలలో వేరుగను, వేసవిలో వేరుగను కొలిచి, 1978లో గ్రంథముగా ప్రకటించినారు. పేదల బిడ్డలకును కలవారి బిడ్డలకును నడుమ అంతరము బడి నడచునపుడు కొంత అణగియుండి, సెలవులలో పెరుగుచున్నదట. అనగా లోపము పిల్లవాని తెలివిలో లేదు. పుస్తకము లేని ఇంటిలో నున్నది. వేసవిలో ఆరు పుస్తకములైనను చదివినవారు చదువనివారి కంటె ముందంజ వేసినారు. ఇంటికి గ్రంథాలయమెంత దూరము అనునది కూడ ఫలితములో కనిపించినది. ప్రత్యేకముగా నడపిన వేసవి బడుల కంటెను పౌర గ్రంథాలయమే ఎక్కువ మేలు చేసినదని ఆమె తేల్చిన మాట మనము రెండుమార్లు చదువదగినది.

బ్రిటన్ గ్రంథాలయములు 1999లో ఆరంభించిన వేసవి పఠన కార్యక్రమములో కూడ ఆరు పుస్తకములనే లక్ష్యముగా పెట్టినారు. చదివిన పిల్లలకు పతకములు, యోగ్యతా పత్రములు ఇత్తురు. మాకు వానికంటె నచ్చినది వేరొకటి: కథయైనను, హాస్యమైనను, బొమ్మల పుస్తకమైనను పిల్లలు తమ ఇష్టము వచ్చినది తీసికొనవచ్చును. ఫ్లోరిడాలో అలింగ్టన్, మెక్‌గిల్ ఫ్రాంజెన్ అను పరిశోధకులు పేద బాలలకు వరుసగా మూడు వేసవులు, ఏటికి 12 పుస్తకముల చొప్పున, వారే ఏరుకొన్నవి ఇచ్చి చూచినారు. 2010లో వెలువడిన ఫలితముల ప్రకారము వారి పఠనశక్తి తక్కినవారి కంటె మెరుగుపడినది. పిల్లలకు పెద్దలు ఏరి పెట్టు నీతికథలే పుస్తకములని భావించు మనకిది కొంచెము చేదుగా తోచవచ్చును.

మన ప్రాంతమున 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా చెల్లించుచున్నాము. కనుక అచ్చటి పుస్తకము ఎవరి దయయు గాదు. అయినను ఒక మే మాసమున మేము పోయి చూచిన శాఖా గ్రంథాలయమున బాలల బీరువాకు తాళము వేసియున్నది. తాళపుచెవి గలవారు సెలవులో నున్నారు! ఇద్దరు పిల్లలు వార్తాపత్రికలోని బొమ్మలు చూచి వెడలిపోయినారు. మరునాడు తెరిపించి చూడగా తెలుగు పుస్తకములు కట్టలుగా నున్నవి; ఉర్దూలో పిల్లల పుస్తకము ఒక్కటియు లేదు.

ఈ లోపము మన ఇండ్లకు ఎక్కువగా తగులును. ఉర్దూ మాధ్యమమున చదువు బాలునికి తెలుగు లిపి బడిలోనే కాని ఇంట కనిపించదు. ఒకటి కుడినుండి, ఒకటి ఎడమనుండి సాగు రెండు లిపులను కన్ను మరువకుండవలెనన్న నిత్యము సాధన యుండవలెను. తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లలలో నానమ్మ ఉత్తరము చదువలేనివారును కలరు. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయమున తెలుగు పుస్తకములును, ఉర్దూ పుస్తకములును కలవు. ఒకే కథ రెండు భాషలలోను దొరికినపుడు అన్న ఒక ప్రతిని, చెల్లెలు ఒక ప్రతిని పట్టుకొని చదువవచ్చును.

విద్యార్థి మిత్రులలో పదిమంది వారమునకు రెండు గంటలు కేటాయించి, దగ్గరి గ్రంథాలయమున పిల్లలకు బిగ్గరగా చదివి వినిపింపగలరా? పరీక్షలు పెట్టవలదు, సారాంశములు వ్రాయింపవలదు. కళాశాల సంఘమువారు మన గ్రంథాలయమున రెండు భాషల బాల సాహిత్యమునకు ఒక బీరువా కేటాయించి, మే మాసమంతయు తెరచియుంచవలెనని కోరుచున్నాము. తాళపుచెవి విషయము మేము చూచుకొందుము.