పుష్-అప్స్ చేసే మీ అబ్బాయి వీపు చూశారా?



తొమ్మిదో తరగతిలో కండరాల పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి పదే పదే కుడి భుజం నొక్కుకోవడం గమనించాను. అడిగితే, రోజూ 60 పుష్-అప్స్ చేస్తున్నానన్నాడు. రెండు వారాలుగా నొప్పి ఉన్నా, మాన్పించేస్తారన్న భయంతో ఇంట్లో చెప్పలేదట. ఛాతీ పెరిగింది కానీ భుజాలు ముందుకు వంగిపోయాయి. ఆ రోజు అతనికి చెప్పిన పాఠమే మీకూ చెబుతున్నాను.

కండరం లాగగలదు, నెట్టలేదు. అందుకే కండరాలు జంటలుగా పనిచేస్తాయి. మోచెయ్యి మడవడానికి బైసెప్స్, చాచడానికి ట్రైసెప్స్. అలాగే ఛాతీలోని పెక్టోరల్ కండరాలు భుజాలను ముందుకు లాగితే, వీపులోని ట్రపీజియస్, రాంబాయిడ్ కండరాలు వాటిని వెనక్కి లాగుతాయి. అద్దంలో కనిపించేది ఛాతీయే కాబట్టి పిల్లలు దానికే పని చెబుతారు. పైగా పుస్తకం మీద, సెల్‌ఫోన్ మీద వంగి కూర్చునే గంటలు ఉండనే ఉన్నాయి.

మన నారాయణఖేడ్ వైపు జాతరల్లో కుస్తీలు మీరు చూసే ఉంటారు. కుస్తీ సాధనలో దండ్లు, బైఠక్‌లే కాదు, తాడు ఎక్కడం, పారతో మట్టి తవ్వి లాగడం కూడా ఉంటాయి. దండ్లు ఛాతీకి, తాడూ పారా వీపుకి. చేదబావిలో నీళ్లు తోడిన మన పెద్దలకూ ఆ పని రోజూ దొరికేది. ఇప్పుడు మోటారు స్విచ్ వేస్తే చాలు.

ఇంట్లో చేయించదగినవి మూడు:

1. గోడకు వీపు, తల ఆనించి నిలబడి, మోచేతులు మడిచి, చేతులను గోడ మీదుగా పైకీ కిందికీ జరపాలి. 10 సార్లు.

2. బోర్లా పడుకుని, చేతులు పక్కలకు చాచి, ఛాతీని కొద్దిగా ఎత్తి 5 సెకన్లు ఆగాలి. 8 సార్లు.

3. ఒక చెయ్యి మంచం మీద ఆనించి ముందుకు వంగి, వీపు తిన్నగా ఉంచి, రెండో చేత్తో నీళ్ల సీసాలున్న సంచిని నడుము దాకా లాగాలి. రెండు లీటర్ల నీళ్లతో మొదలుపెడితే చాలు. చెయ్యికి 10 సార్లు.

ఛాతీకి ఎంత పని చెబితే వీపుకీ కనీసం అంత చెప్పాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, వారంలో కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలాన్నిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇది అబ్బాయిలకే కాదు. ఏడు, ఎనిమిది తరగతుల్లో కొందరు అమ్మాయిలు బిడియంతో పుస్తకాలు గుండెకు హత్తుకుని భుజాలు ముడుచుకుని నడుస్తారు. నలుగురిలో "నిటారుగా నిలబడు" అని గద్దించకండి. అమ్మలు పక్కన నిలబడి కలిసి చేస్తే ఆ మాట అనాల్సిన పనే ఉండదు.

నొప్పి వస్తే వ్యాయామం ఆపాలి. తగ్గకపోయినా, చెయ్యి తిమ్మిరెక్కినా, పైకి లేవకపోయినా డాక్టరుకు చూపించాలి. మా విద్యార్థిని వాళ్ల నాన్నగారు అలాగే తీసుకెళ్లారు. కొన్నాళ్లు విశ్రాంతి తర్వాత ఇప్పుడు 20 పుష్-అప్స్‌తో పాటు ఈ మూడూ చేస్తున్నాడు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని అడగండి, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని. చెబితే వ్యాయామం పూర్తిగా మాన్పించమని ముందే మాటివ్వండి. అప్పుడే నిజం చెబుతారు.