పేరు కాదు, మోడల్ నంబర్ చూడండి

"నువ్వు ఈసీఈ కదరా, మంచి ఫోన్ ఏదో నువ్వే చెప్పు" అంది మా పెద్దమ్మ కూతురు. అక్క ఉద్యోగం హైదరాబాద్‌లోనే గానీ, ఏడాదికి మూడు నాలుగు సార్లు డల్లాస్, ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లొస్తుంటుంది. నేను అందరిలాగే కెమెరా, ప్రాసెసర్, బ్యాటరీ చూసి ఒక ఫోన్ చెప్పేశాను. ఇక్కడున్నంత కాలం బ్రహ్మాండంగా పనిచేసింది.

డల్లాస్‌లో మాత్రం అపార్ట్‌మెంట్ లోపలికి వెళ్తే సిగ్నల్ గుండుసున్నా. జనవరిలో ఒకరోజు తెల్లవారుజామున పెదనాన్నని గుంటూరులో హాస్పిటల్‌లో చేర్చారు. అక్కడ అప్పుడు సాయంత్రం. అడ్వాన్స్ కట్టడానికి అక్క డబ్బు పంపబోతే బ్యాంకు ఓటీపీ రాదు. వైఫై ఉంది, వాట్సాప్ ఉంది. కానీ ఓటీపీ ఇండియా సిమ్‌కి ఎస్సెమ్మెస్‌గానే రావాలి కదా! ఫోన్ పట్టుకుని పార్కింగ్‌లోకి పరిగెత్తేసరికి దాని గడువు అయిపోయింది. చివరికి ఆ చలిలోనే నిలబడి, మూడో ప్రయత్నంలో పంపింది.

పెదనాన్న ఇప్పుడు బాగున్నారు. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్న పాఠం ఇది.

1. బ్యాండ్లు

ఒక్కో దేశంలో నెట్‌వర్క్‌లు ఒక్కో ఫ్రీక్వెన్సీలో నడుస్తాయి. 4జీకి మన దగ్గర ఎక్కువగా 3, 5, 8, 40 బ్యాండ్లు. యూరప్‌లో 3, 7, 20. అమెరికాలో 2, 66తో పాటు 12, 13, 71. అందుకే కంపెనీలు ఒకే పేరుతో దేశానికో మోడల్ తయారుచేస్తుంటాయి. అక్క ఫోన్ ఇండియా మోడల్, అందులో 12, 71 లేవు.

ఫ్రీ స్పేస్ పాత్ లాస్ గుర్తుందా? ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే నష్టం 6 డీబీ పెరుగుతుంది. బ్యాండ్ 71 అంటే 600 మెగాహెర్ట్జ్, బ్యాండ్ 2 అంటే 1900. లెక్క కడితే రెండోదానికి సుమారు 10 డీబీ నష్టం ఎక్కువ. పైగా గోడల్ని దాటడంలో తక్కువ ఫ్రీక్వెన్సీదే పైచేయి. పరీక్షలో ఈ లెక్కకి ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను, ఫోన్ కొనేటప్పుడు మాత్రం గుర్తురాలేదు!

2. సిమ్‌లు

ఇండియా నంబరు ఓటీపీలకి, అక్కడి నంబరు డేటాకి. రెండూ ఒకేసారి పనిచేయాలి. ఒక మామూలు సిమ్, ఒక ఇ-సిమ్ ఉన్న ఫోన్ అయితే సుఖం. బయల్దేరే ముందే ఇండియా సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేయించి, ఆ సిమ్‌లో డేటా రోమింగ్ మాత్రం ఆపేయాలి.

అమెరికా నుంచి ఐఫోన్ తెప్పించుకునేవాళ్లు జాగ్రత్త. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే మోడళ్లకి సిమ్ ట్రే ఉండదు. ఇండియా సిమ్‌ని ఇక్కడ ఉండగానే ఇ-సిమ్‌గా మార్పించుకోవాలి.

3. కాల్స్

అమెరికాలో పెద్ద నెట్‌వర్క్‌లు 2022లో 3జీ మూసేశాయి. ఇప్పుడు కాల్ వెళ్లాలంటే వోల్టీఈ కావాలి. ఫోన్‌లో ఆ సదుపాయం ఉన్నా, తాము ఒప్పుకున్న మోడళ్లకే కాల్స్ ఇచ్చే నెట్‌వర్క్‌లు ఉన్నాయి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరుతో ముందే వాళ్ల సైట్‌లో చూసుకోవచ్చు.

4. ఛార్జింగ్

జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. ఛార్జర్ మీద 100-240 అని ఉంటే ప్లగ్ అడాప్టర్ ఒక్కటి చాలు. పవర్ బ్యాంక్ చేతి సామానులోనే పెట్టుకోవాలి, మామూలుగా 100 వాట్ అవర్లు దాటకూడదు. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్లు. కాబట్టి ఇబ్బంది లేదు.

ఈసారి అక్కకి ఫోన్ చూసేటప్పుడు ముందు అడిగింది "ఏ ఊళ్లకి వెళ్తావు, అక్కడ ఏ నెట్‌వర్క్ వాడతావు?" అని. తర్వాత మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో బ్యాండ్ల పట్టిక తీసి, ఒక్కొక్కటే టిక్ పెట్టుకున్నాం. కెమెరా సంగతి చివర్లో చూశాం.

మొన్న డల్లాస్ నుంచి మెసేజ్ పెట్టింది: "ఓటీపీ వంటింట్లోకే వచ్చిందిరా."