విమానయానము - దూరము, కాలము

విశాఖపట్నము, హైదరాబాదు నగరముల నడుమ ఆకాశమార్గమున దూరము సుమారు 500 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రైలుమార్గము 700. గంటకు 800 కిలోమీటర్ల వేగముతో మనము భాగించినచో 38 నిమిషములు వచ్చును. కాలపట్టికలో మాత్రము గంటకు పైగానే చూపుదురు. నేలపై సాగునపుడు, పైకెగయునపుడు, క్రమముగా దిగునపుడు విమానమునకు పూర్ణవేగ ముండదు. ఒకే వేగమున పోవు వాహనములు లెక్కల పుస్తకములలోనే కలవు!

శ్రీకాకుళము నుండి ఇంటర్వ్యూకు పోవు మన విద్యార్థికి ఈ లెక్కయు చాలదు. విశాఖ విమానాశ్రయమునకు నూరు కిలోమీటర్లకు పైగా రోడ్డు. బస్సులో రెండు గంటలకు తక్కువ కాదు. అక్కడ కనీసము గంట ముందుగా నుండవలెను. హైదరాబాదు విమానాశ్రయము 2008లో బేగంపేట నుండి శంషాబాదునకు మారినందున, దిగిన పిదప నగరము చేరుటకు మరొక గంట. విజయనగరము జిల్లా భోగాపురపు క్రొత్త విమానాశ్రయమును లెక్కలోనికి తీసికొన్నచో రోడ్డుదూరము దాదాపు సగమగును. ఆకాశమున ముప్పది, నలుబది కిలోమీటర్లు పెరుగునుగాని, అది విమానమునకు మూడు నిమిషముల మాట.